తాళం వేసిన అర్రకు కిరాయి ఎవరు కడుతున్నారు?

కోరుట్లలోనో జగిత్యాలలోనో కిరాయి ఇల్లు వెతికినవారికి ఈ షరతు ఎదురయ్యే ఉంటుంది. నాలుగు అర్రల ఇల్లు చూపిస్తారు. మూడు అర్రల (గదుల) తాళంచెవులే చేతికిస్తారు. నాలుగో దాంట్లో ఇంటివాళ్ల సామాను ఉంది, దాని జోలికి పోవద్దంటారు. ఇంటివాళ్లు దుబాయిలోనో, సౌదీలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. ఆ అర్రలో విప్పి గోడకు ఆనించిన డబుల్ కాట్ చెక్కలు ఉంటాయి. చుట్టకట్టిన పరుపు, ఇనుప బీరువా, తలుపు మూసిన ఫ్రిజ్ ఉంటాయి. వాటి మీద నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు రాసిన గల్ఫ్ అట్టడబ్బాలు ఉంటాయి.

పెద్ద నగరాల్లో ఇదే పనికి సెల్ఫ్ స్టోరేజీ (ఇంటి సామాను దాచుకోవడానికి నెల కిరాయికి దొరికే తాళం గది) అని పేరు. ఈ వ్యాపారం ఇప్పుడున్న రూపంలో 1960వ దశకంలో అమెరికాలోని టెక్సాస్‌లో మొదలైంది. వరుసగా ఇనుప షట్టర్ గదులు కడతారు. మన సామాను మనమే పెట్టుకుని, మన తాళం మనమే వేసుకుంటాం. అక్కడి మన తెలుగువాళ్లు ఒక ఊళ్లో ఉద్యోగం ముగిసి ఇంకో ఊళ్లో ఇల్లు దొరికేదాకా ఇలాంటి గదుల్లో సామాను ఉంచుతుంటారు. కిరాయి కట్టడం మానేస్తే గదిలోని సామానును వేలం వేసే చట్టాలు ఆ దేశంలో ఉన్నాయి.

హైదరాబాద్‌లో కూడా ఈ సేవ దొరుకుతుంది. అయితే ఇక్కడ రెండు రకాల పద్ధతులున్నాయి, రెంటికీ తేడా తెలుసుకోవాలి. ఒక పద్ధతిలో గది మనది, తాళంచెవి మన దగ్గరే. రెండో పద్ధతిలో కంపెనీవాళ్లే ఇంటికొచ్చి ప్యాక్ చేసి, తమ గోదాములో పెట్టుకుని, అడిగినప్పుడు తిరిగి తెస్తారు. ఇక్కడ సామాను వాళ్ల చేతిలో ఉంటుంది. దీన్నే చట్టం బెయిల్‌మెంట్ (తిరిగి ఇచ్చే షరతు మీద వస్తువును మరొకరికి అప్పగించడం) అంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, అప్పగించుకున్నవారు ఆ సామానును తమ సొంత సామానును మామూలు బుద్ధి ఉన్న మనిషి చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. కిరాయి తీసుకోకుండా సామాను ఉంచుకున్నవారికీ ఇదే సూత్రం. అంటే మేనమామ ఇంట్లో పెట్టి వచ్చిన బీరువాకూ ఈ చట్టం వర్తిస్తుంది. ఈ సంగతి బంధువులతో వాదించడానికి పనికిరాదు గానీ, అప్పగింతకు కూడా ఒక బాధ్యత ఉంటుందని గుర్తుచేస్తుంది.

కంపెనీకి ఇచ్చేటప్పుడు నెల కిరాయి ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. ప్యాకింగు, తీసుకుపోయే బండి కిరాయి, తిరిగి తెచ్చే బండి కిరాయి, జీఎస్టీ, ఇన్సూరెన్సు అన్నీ కలపాలి. బకాయి పడితే సామాను ఆపుతారా, అమ్ముతారా అన్నది ఒప్పందంలో చదవాలి. గ్యాస్ సిలిండరు, పెట్రోలు, తిండి గింజలు, నగలు, నగదు సాధారణంగా తీసుకోరు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఈ పని ఎక్కువగా చేస్తున్నది బంధువుల ఇల్లు, ఊళ్లోని పాత పెంకుటిల్లు, ఇందాక చెప్పిన తాళం అర్ర. వీటికి నెలనెలా రసీదు రాదు. అందుకే అవి ఊరికే వస్తున్నాయనిపిస్తుంది. ఒక్కసారి లెక్క వేద్దాం. నాలుగు అర్రల ఇంటికి నెలకు 6,000 రూపాయలు వస్తుందని, ఒకటి తాళం వేస్తే 4,500 వస్తుందని అనుకుందాం. తేడా 1,500. ఏడాదికి 18,000. గల్ఫ్ పోయిన మనిషి ఐదేళ్లుంటే 90,000. ఆ అర్రలో ఉన్న మంచం, పరుపు, ఫ్రిజ్, సోఫా ఐదేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుంది? చాలా ఇళ్లలో అందులో పదో వంతు కూడా రాదని నా అంచనా. కిరాయి చేతి నుంచి పోవడం లేదు కాబట్టి నష్టం కనబడదు. చేతికి రావలసింది రాకపోవడమే ఇక్కడ ఖర్చు.

దాచడమే తప్పని దీని అర్థం కాదు. కిరాయి కట్టి దాచడం ఈ ప్రాంతానికి బాగా తెలుసు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పండించే రైతు ధర లేనప్పుడు పసుపు కొమ్ములను కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. బస్తాకు ఇంత అని కిరాయి కడతాడు. ఎందుకు? బయటికి తీసే రోజుకు దాని ధర కిరాయిని మించి పెరుగుతుందన్న ఆశతో. కొన్నేళ్లు ఆ ఆశ ఫలిస్తుంది, కొన్నేళ్లు ఫలించదు. కానీ ఆ నిర్ణయంలో ఒక లెక్క ఉంది. ఇంటి సామానుకూ అదే లెక్క వేయాలి. బయటికి తీసే రోజున దీని విలువ ఎంత? దాన్ని తీసే రోజు ఎప్పుడు? సోఫా ధర ఏటా తగ్గుతుందే తప్ప పెరగదు. తాళం అర్రలో పసుపు లాంటి వస్తువులంటే ఇత్తడి బిందెలు, రాగి కాగులు, కంచు పళ్లేలు మాత్రమే. వాటికి చెద పట్టదు. నల్లబడతాయి, చింతపండుతో తోమితే మెరుస్తాయి. లోహం ధర ఎటూ ఉంటుంది. అవి ఆక్రమించే చోటు కూడా తక్కువ. విచిత్రమేమిటంటే, ఇల్లు సర్దాలనగానే ముందుగా అమ్మేసేవి అవే. చోటంతా తినే పరుపు, సోఫా మాత్రం ఉండిపోతాయి.

ఇంత సామాను ఎలా చేరింది? గల్ఫ్ నుంచి వచ్చే డబ్బా ఒక దారి. కంబళ్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, ఎమర్జెన్సీ లైట్లు, పిల్లలకు బొమ్మలు. రెండేళ్లకో మూడేళ్లకో ఇంటికొచ్చే మనిషి ఖాళీ చేతులతో రాలేడు. అందరికీ పంచాక మిగిలినవి సజ్జ మీదికి పోతాయి. డబ్బా కూడా పారేయరు. గట్టి అట్ట, మీద ఆయన చేతిరాత.

పెండ్లి సామాను రెండో దారి. ఆడపిల్లకు మంచం, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, ఫ్రిజ్, కూలర్, బిందెలు ఒకేసారి వస్తాయి. ఆమె భర్త గల్ఫ్‌లో ఉంటే, ఆమె కొన్నాళ్లు అత్తగారింట్లో, కొన్నాళ్లు తల్లిగారింట్లో ఉంటే, ఆ సామాను విప్పకుండానే పాతబడుతుంది. దీనికి తోడు ఒడిబియ్యం (పెండ్లయిన ఆడబిడ్డ ఒడిలో తల్లిగారివాళ్లు బియ్యం పోసే వేడుక) పోసినప్పుడల్లా రవికె గుడ్డలు, చీరలు, స్టీలు గిన్నెలు. రవికె గుడ్డలు ఎవరో మనకు పెట్టినవి, మనం ఇంకెవరికో పెడతాం. అవి తిరుగుతున్నంతకాలం ఇబ్బంది లేదు. తిరగడం ఆగితే సందుగ (బట్టల పెట్టె) నిండుతుంది.

సిరిసిల్లలో కథ వేరు. అక్కడ చాలా ఇళ్లలో ఇల్లే కార్ఖానా. ముందు రేకుల షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచాలు (మరమగ్గాలు), వెనక రెండర్రల్లో కాపురం. నూలు కోన్‌ల డబ్బాలు, బీములు, నేసిన బట్ట తానులు, వేస్టు నింపిన బస్తాలు ఇంట్లోకి జరుగుతుంటాయి. ఆర్డరు ఉన్నప్పుడు తాను వారంలో వెళ్లిపోతుంది. ఆర్డరు ఆగితే మంచం కింద చేరుతుంది. 2017 నుంచి ప్రభుత్వం పండుగకు ఆడవాళ్లకు పంచిన బతుకమ్మ చీరల ఆర్డరు ఇక్కడి సాంచాలకు పని ఇచ్చింది. 2024లో ఆ చీరలు పంచలేదు. తర్వాత మహిళా సంఘాల సభ్యుల కోసం ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చింది. మధ్యలోని ఖాళీ నెలల్లో ఆసామి (కూలికి నేసిచ్చే మగ్గాల యజమాని) ఎదుట ఉండే ప్రశ్న నిజంగా కఠినమైనది. ఆగిన సాంచాను ఉంచాలా, తుక్కు కింద అమ్మాలా? ఉంచితే చోటు పోతుంది, తుప్పు పడుతుంది. అమ్మితే మళ్లీ ఆర్డరు వచ్చిన రోజు చేతిలో పని ఉండదు. బయటివాళ్లు దీనికి తేలిక సలహా ఇవ్వకూడదు. ఒక్క మాట మాత్రం చెప్పవచ్చు. బట్ట, నూలు, దూది ధూళి త్వరగా అంటుకుంటాయి. అవి కరెంటు బోర్డు పక్కన, వంటింటి గోడకు ఆనుకుని, లేదా బయటికి వెళ్లే ఏకైక తోవలో ఉండకూడదు. ఇల్లు, కార్ఖానా ఒకే కప్పు కింద ఉన్నప్పుడు సర్దుకోవడమంటే మొదటి అర్థం ప్రాణరక్షణ.

ఇప్పుడే ఈ ఇరుకు ఎందుకు తెలుస్తోంది? పాత ఇండ్లలో దాచే చోటు ఇంటితోపాటే కట్టేవారు. ధాన్యానికి గుమ్మి, గరిసె, వంట పాత్రలకు సజ్జ, బట్టలకు సందుగ. ఇప్పుడు పిల్లల చదువుల కోసం కుటుంబం పట్నానికి వస్తుంది. కిరాయి పోర్షన్‌లో రెండర్రలు. ప్రభుత్వం కట్టిచ్చిన డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు. సిరిసిల్ల పక్కనే మండెపల్లిలో 2021లో ఇచ్చినవీ ఇలాంటివే. సొంత ఇల్లన్న గౌరవం గొప్పది. కానీ ఊళ్లోని ఇంటి సామాను అంతా అందులో పట్టదు. దాంతో ఊరి ఇల్లే గోదాము అవుతుంది.

మూసిన అర్రలో ఏం జరుగుతుందో తెలిస్తే నిర్ణయం సులువవుతుంది. వానాకాలం గాలిలో తేమ పెరుగుతుంది. కిటికీ తెరవని గదిలో ఆ తేమ గోడలకు, పరుపుకు, చెక్కకు పడుతుంది. దాని వెంటే బూజు వస్తుంది. ప్లాస్టిక్ కవరు చుడితే కాపాడినట్టే ఉంటుంది గానీ, చుట్టే ముందే వస్తువులో తడి ఉంటే అది లోపలే చిక్కుకుంటుంది. చెదలకు అట్టడబ్బా, కాగితం, చెక్క అన్నీ మేతే. అవి నేల నుంచి, గోడ పగుళ్ల నుంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి. నేలకు ఆనించి, గోడకు ఆనించి పేర్చిన డబ్బాలు వాటికి నిచ్చెనలు. రెక్సిన్ సోఫా వాడకపోయినా తేమకే పొట్టు రేగుతుంది. ఫ్రిజ్ తలుపు గట్టిగా మూసి ఉంచితే లోపల బూజు, దుర్వాసన. తుడిచి, ఆరబెట్టి, తలుపు సందు ఉండేలా ఏదైనా అడ్డం పెట్టాలి. ఇన్వర్టర్ బ్యాటరీని నెలల తరబడి ఛార్జి చేయకుండా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి పనికిరాకుండా పోతుంది. దాన్ని దాచడం కంటే వాడేవారికి ఇచ్చేయడం మేలు.

కంబళ్ల గురించి ఒక మాట. గల్ఫ్ నుంచి వచ్చే మెత్తని కంబళ్లు చాలావరకు పాలిస్టరువి. బట్టల పురుగు తినేది ఉన్ని, పట్టు లాంటి, జంతువుల నుంచి వచ్చే పోగులను. పాలిస్టరును తినదు. అంటే ఆ మూటల్లో కలరా ఉండలు (నాఫ్తలీన్ గోళీలు) వేయడం అనవసరం. పసిపిల్లలున్న ఇంట్లో అయితే ప్రమాదం కూడా. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలకు రక్షణనిచ్చే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలు ఆ వాసన పట్టిన బట్టలు కప్పుకుంటే రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే అవకాశం ఉంది. కంబళ్లను బాగా ఎండబెట్టి కట్టిపెడితే చాలు. జరీ చీరలను మాత్రం నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడత మార్చాలి. లేదంటే మడత దగ్గరే జరీ తెగుతుంది.

ఇక అసలు చిక్కు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎవరు తేల్చాలి? ఇల్లు సర్దడం గురించి ప్రపంచమంతా చదివిన జపాన్ రచయిత్రి మేరీ కోండో పద్ధతిలో వస్తువును చేతిలోకి తీసుకుని, ఇది నాకు సంతోషం ఇస్తోందా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. వస్తువు, మనిషి ఒకేచోట ఉన్న ఇంటికి అది సరిపోతుంది. ఇక్కడ వస్తువు కోరుట్లలో ఉంది, మనిషి మస్కట్‌లో ఉన్నాడు. ఆయన లేని సమయంలో ఆయన పనిముట్ల పెట్టె అమ్మేస్తే, తిరిగొచ్చాక ఆయనకు పోయేది పెట్టె ఒక్కటే కాదు, ఈ ఇంట్లో తన మాటకున్న చోటు కూడా. అందుకే మన దగ్గర సర్దడం మొదలుపెట్టాల్సింది వస్తువు ఎవరిది అన్న ప్రశ్నతో.

పెండ్లి సామాను విషయంలో ఈ ప్రశ్నకు చట్టం జవాబు చెప్పింది. ఆడపిల్లకు పెండ్లిలో వచ్చింది స్త్రీధనం (స్త్రీకి పూర్తి హక్కున్న సొంత ఆస్తి). అది భర్త ఇంట్లో ఉన్నంత మాత్రాన వాళ్లది కాదని 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అత్తగారింట్లో చోటు లేదని కోడలి బీరువాను ఆమెను అడగకుండా అమ్మడం కుదరదు. ఆమెను అడిగితే చాలాసార్లు ఆమే తీసేద్దామంటుంది. అడగడమే ముఖ్యం.

కాగితాల సంగతి ఇంకా సున్నితం. సర్దే ఊపులో ముందు పోయేవి అవే, తర్వాత ఏడిపించేవీ అవే. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టినప్పుడు పీఎఫ్ ఖాతా ఆధారం అడిగింది. బీడీలు చేసే ఆడవాళ్లకు సందుగ అడుగున ఉన్న పాత పీఎఫ్ కాగితం ఆ రోజు పింఛను అయింది. గల్ఫ్ దేశాల్లో 2023 డిసెంబర్ 7 తర్వాత చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని 2024 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దానికి రద్దయిన పాస్‌పోర్టు, వీసా ఆధారం, మరణ ధ్రువపత్రం కావాలి. కాలం చెల్లిన పాస్‌పోర్టు, పాత అకామా (గల్ఫ్ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) జిరాక్సు, కంపెనీ ఒప్పందం, భూమి పాత పాసుపుస్తకం ఇవేవీ చెత్త కావు. ఒక స్టీలు డబ్బాలో పెట్టి, ప్రతిదానికీ ఫొటో తీసి, కుటుంబంలో ఇద్దరి ఫోన్లలో ఉంచాలి. లామినేషన్ చేయించకండి. తర్వాత విప్పితే అక్షరాలు ఊడొస్తాయి.

ఈ పనికి మంచి కాలం ఎండాకాలం, మిరుగు (మృగశిర కార్తె) రాకముందు. ఎండ ఉంటుంది, పిల్లలకు సెలవులుంటాయి. గల్ఫ్‌లో ఉన్న మనిషిని వీడియో కాల్‌లో కలుపుకోవాలి. సౌదీలో కార్మికులకు సాధారణంగా శుక్రవారం సెలవు. యూఏఈలో 2022 నుంచి ప్రభుత్వ ఆఫీసులకు సెలవు శని, ఆదివారాలకు మారింది, కార్మికుల సెలవు కంపెనీని బట్టి ఉంటుంది. సౌదీ మనకంటే రెండున్నర గంటలు, దుబాయి గంటన్నర వెనక. ఒక్కో వస్తువు చూపించి ఉంచాలా, ఇవ్వాలా, అమ్మాలా అని అడిగి, జవాబును డబ్బా మీద రాయాలి. తేదీ కూడా వేయాలి. ఉంచాలి అన్నదానికి ఎప్పటిదాకా అని అడగాలి. చాలా జవాబులు ఆ రెండో ప్రశ్న దగ్గరే మారతాయి.

తీసేసేవాటికి ఇక్కడ దారులు బాగానే ఉన్నాయి. పాత చీరలు బొంత కుట్టేవారికి, పాత బట్టలు స్టీలు గిన్నెలవాళ్లకు, ఇనుము ఆటోలో వచ్చే పాత సామానువాళ్లకు. టీవీ, ఫ్రిజ్, ఫోన్, బ్యాటరీల్లో విషపదార్థాలుంటాయి. వాటిని విరగ్గొట్టి రాగి తీసి మిగిలింది కాల్చేవారికి ఇవ్వకూడదు. కొత్తది కొనే దుకాణంలో ఎక్స్ఛేంజికి ఇవ్వడం, పాత బ్యాటరీని బ్యాటరీ దుకాణంలోనే ఇవ్వడం మంచిది.

కిరాయి కట్టి అయినా, బంధువుల ఇంట్లో అయినా సామాను ఉంచడం నిజంగా సరైన సందర్భాలున్నాయి. తేదీ కచ్చితంగా చెప్పలేకపోయినా, సామాను తిరిగి తెచ్చుకునే రోజు తప్పక వస్తుందని తెలిసినప్పుడు. ఇప్పుడు పల్లెల్లో ఇలాంటి సందర్భం ఎక్కువగా కనబడేది ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేటప్పుడు. పాత పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో కడతారు. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సాయం దశలవారీగా వస్తుంది కాబట్టి పని ఎన్ని నెలలు సాగుతుందో ముందే చెప్పలేం. అనుకున్నదానికి కొన్ని నెలలు కలుపుకుని చోటు మాట్లాడుకోవాలి. సామాను ఇచ్చేటప్పుడు ఒక చిట్టీ రాసి, ఉంచుకునేవారి దగ్గర ఒకటి, మన దగ్గర ఒకటి ఉంచుకోవాలి. డబ్బాలను ఇటుకల మీద పలక వేసి, గోడకు జానెడు దూరంలో పేర్చాలి. వానాకాలంలో నెలకోసారి వెళ్లి తలుపులు తీసి గాలి తగలనివ్వాలి. స్లాబు పడి తలుపులు బిగించగానే అన్నీ ఒకేసారి తేవద్దు. కొత్త ప్లాస్టరింగ్ గోడల్లో తడి కొన్ని వారాలుంటుంది. ముందు ఇత్తడి, స్టీలు సామాను రావచ్చు. చెక్క మంచాలు, పరుపులు, బట్టల బీరువా గోడలు ఆరాకే లోపలికి రావాలి.